పాత డాన్స్ ఆల్బమ్ ఇప్పటికీ నిలిచిందా? తేల్చుకునే పద్ధతి

పాతిక ముప్పై ఏళ్ల కిందటి ఎలక్ట్రానిక్ డాన్స్ ఆల్బమ్ పెట్టి, రెండు నిమిషాలు విని, "పాతబడిపోయింది" అనేయడం తేలిక. ఆ తీర్పు చాలాసార్లు తప్పవుతుంది. ఎంచేతంటే ఆ రెండు నిమిషాల్లో చెవిన పడింది ఆల్బమ్ కాకపోవచ్చు. నాసిరకం ఫైలు, ఫోను స్పీకరు, నెత్తిమీద ఫ్యాను హోరు, కాలేజీ రోజుల జ్ఞాపకం, ఇవన్నీ కలిసి వినబడి ఉంటాయి. ఒక్కొక్కటే పక్కకి తీస్తే మిగిలేదే ఆల్బమ్. దీనికి మూడు విడతలు వినాలి, మొత్తం మూడు వారాలు పడుతుంది.

ఒక తేడా ముందే మనసులో పెట్టుకోండి. శబ్దం పాతబడటం వేరు, ఊపు పోవడం వేరు. మొదటిది ప్రతి ఆల్బమ్‌కీ జరుగుతుంది, తప్పించుకున్నది లేదు. రెండోది కొన్నింటికే జరుగుతుంది. మనం వెతకాల్సింది ఆ రెండోదాన్ని.

ముందు ఫైలు సంగతి

2000 తర్వాత నెట్ సెంటర్లలో డౌన్‌లోడ్ చేసి సీడీల్లో ఎక్కించుకున్న పాటలు ఎక్కువగా 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) ఎంపీ3లు. వాటిలో సుమారు 16 కిలోహెర్ట్జ్ పైన ఉండేదంతా కోసేసి ఉంటుంది. హైహ్యాట్లు (డ్రమ్ముల్లో జంట తాళాలు) "చిక్ చిక్" అనాల్సిన చోట నీళ్లలో తడిసినట్టు "ష్ ష్" అంటాయి, చప్పట్ల అంచు అరిగిపోతుంది. డాన్స్ సంగీతంలో నడకంతా ఆ అంచుల్లోనే ఉంటుంది కాబట్టి ఈ ఫైలుతో తీర్పు చెప్పడం అన్యాయం. సీడీ నుంచి తీసిన వేవ్ గానీ ఫ్లాక్ గానీ (రెండూ కోత లేని ఫైలు రకాలు), కనీసం 320 కేబీపీఎస్ ఎంపీ3 గానీ సంపాదించండి.

పేరులో 320 అని ఉన్నంత మాత్రాన నమ్మకండి. 128 ఫైలునే మళ్లీ 320గా మార్చి పెట్టినవి చాలా తిరుగుతున్నాయి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి, మోత ఎక్కువున్న అర నిమిషం ఎంచుకుని, 'ఎనలైజ్' మెనూలో 'ప్లాట్ స్పెక్ట్రమ్' నొక్కండి. 16 దగ్గర కత్తితో కోసినట్టు గీత పడిపోతే అది మార్చిన ఫైలు. వాలుగా, మెల్లగా దిగితే భయం లేదు. 1980ల చివరి శాంప్లర్లలో, అంటే శబ్దపు ముక్కల్ని రికార్డు చేసి మళ్లీ వాయించే యంత్రాల్లో, కొన్ని 12 బిట్లలో, 26 కిలోహెర్ట్జ్ వేగంతో రికార్డు చేసేవి. వాటి డ్రమ్ములు పుట్టుకతోనే కాస్త మసగ్గా ఉంటాయి. అది ఆల్బమ్ సొంత రంగు, ఫైలు లోపం కాదు.

తర్వాత, ఏ విడుదల వింటున్నారో చూసుకోండి. స్ట్రీమింగ్ యాప్‌లో మొదట కనబడేది తరచూ రీమాస్టర్, అంటే పాత రికార్డింగుని తర్వాత మళ్లీ సరిదిద్ది వేసిన విడుదల. కొన్ని రీమాస్టర్లు మంచివే. కొన్నింటిలో మాత్రం మోత పెంచడం కోసం కిక్ డ్రమ్ (దరువులోని కింది పెద్ద దెబ్బ) తలలు నరికేస్తారు. పాత సీడీ, కొత్త రీమాస్టర్ రెండూ ఆడాసిటీలో పక్కపక్కన పెడితే కంటికే తెలుస్తుంది. పాతదాంట్లో అలలు లేచి పడుతుంటాయి, కొత్తది ఇటుక గోడలా ఉంటుంది. 'మెజర్ ఆర్ఎంఎస్' వాడితే అంకె కూడా వస్తుంది. శిఖరం 0 దగ్గర ఉండి సగటు మైనస్ 8 డెసిబెల్ కంటే పైకి వచ్చిందంటే గాలాడనంత బిగించారు. మైనస్ 12, 14 దగ్గర ఉంటే ఊపిరి ఉంది. తీర్పు మొదటి విడుదల మీదే చెప్పాలి. పాటల సంఖ్య, నిడివి కూడా సరిచూసుకోండి. శాంపిల్ (వేరే పాటలోంచి తీసుకున్న ముక్క) హక్కుల తగాదాల వల్ల తర్వాతి విడుదలల్లో పాటలు మారిపోవడం, ఎగిరిపోవడం ఈ సంగీతంలో మామూలే.

యాప్ సెట్టింగుల్లో ఈక్వలైజర్, బేస్ బూస్ట్, డాల్బీ లాంటివన్నీ ఆపేయండి. క్రాస్‌ఫేడ్ (పాట చివర మీదికి తర్వాతి పాట కలపడం) సున్నా చేసి, గ్యాప్‌లెస్ ఆన్ చేయండి. పాట మీద పాట అతుకు పడకుండా నడిచే ఆల్బమ్‌లో మధ్యన అర సెకను ఖాళీ వచ్చినా ఊపు తెగుతుంది. ఆ నేరం ఆల్బమ్ నెత్తిన పడుతుంది.

గది, స్పీకరు, ఫ్యాను

ఎక్కువమంది జారిపడేది ఇక్కడే. ఫోను స్పీకరు 300 హెర్ట్జ్ కింద సరిగా పలకదు. ఈ సంగీతంలో కిక్, బేస్ ఉండేది 40 నుంచి 100 మధ్య. అంటే ఫోనులో విన్నవాడు పునాది లేని ఇల్లు చూసి లెక్క కడుతున్నాడు. అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకరు ఇంకో రకంగా మోసం చేస్తుంది. లేని బేస్ ఉన్నట్టు భ్రమ కలిగించడానికి ప్రతి పాటనీ ఒకేలా పిండుతుంది, దాంట్లో మంచి ఆల్బమ్, చెడ్డ ఆల్బమ్ ఒకేలా ఉంటాయి. మామూలు వైరు హెడ్‌ఫోను ఈ రెంటికంటే నయం. రెండు మంచి స్పీకర్లుంటే అన్నిటికంటే నయం.

స్పీకర్లు ఉన్నవాళ్లు గది లెక్క కూడా చూసుకోవాలి. శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా మామూలు శ్లాబు ఇంట్లో గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు అనుకుందాం. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు. దాన్ని గోడల మధ్య దూరానికి రెట్టింపుతో భాగిస్తే ఆ గది ఏ స్వరానికి తనంతట తాను మోగుతుందో తెలుస్తుంది. 12 అడుగులంటే 3.66 మీటర్లు, వచ్చేది సుమారు 47 హెర్ట్జ్. 10 అడుగులంటే 3.05, వచ్చేది సుమారు 56. వెడల్పూ ఎత్తూ రెండూ పదే కాబట్టి 56 దగ్గర రెండింతలు మోగుతుంది. చాలా కిక్ డ్రమ్ములు కూర్చునేది సరిగ్గా అక్కడే. అందుకే మన గదుల్లో ఒక పాటలో బేస్ గోడలు అదిరేలా, తర్వాతి పాటలో అసలు లేనట్టు ఉంటుంది. ఆల్బమ్ మిక్సింగ్ బాగాలేదని అనుకునే ముందు గదిని అనుమానించండి.

సరిచేయడం కష్టమేమీ కాదు. ఆడాసిటీ 'జనరేట్' మెనూలో 'చర్ప్' తీసుకుని, 40 నుంచి 100 హెర్ట్జ్ వరకు 20 సెకన్లలో పాకేలా పెట్టి ప్లే చేయండి. ఏ చోట గది ఉరుముతుందో, ఏ చోట మాయమవుతుందో వినండి. గది నడిమధ్యన కూర్చుంటే పొడవు తాలూకు 47 దాదాపు వినబడదు, గోడకి ఆనుకుంటే అదే మీద పడుతుంది. పొట్టి గోడ ముందు స్పీకర్లు పెట్టి, వెనక గోడకి నాలుగున్నర అడుగుల దూరంలో కూర్చుంటే రెండూ సర్దుకుంటాయి. స్పీకర్లని మూలలకి నెట్టకండి, గోడకి కనీసం అడుగున్నర ఎడం ఉండాలి. ట్వీటర్ (స్పీకర్లో పై శబ్దాలు పలికే చిన్న భాగం) చెవి ఎత్తులో ఉండాలి. ఉత్త గోడల మధ్య చప్పట్ల శబ్దం గింగిర్లు తిరుగుతుంటే ఓ పరుపు నిలబెట్టి, రెండు బొంతలు వేలాడదీయండి. అవి పై శబ్దాల్ని మింగుతాయి. బేస్ మాత్రం బొంతలకి లొంగదు, దానికి కుర్చీ జరుపుకోవడమే మందు.

మోత ఎంతుండాలి? కూర్చున్న చోట 75 నుంచి 80 డెసిబెల్. ఫోనులో సౌండ్ మీటర్ యాప్ సుమారు లెక్కకి చాలు. ఇంతకంటే తగ్గిస్తే మన చెవి సహజంగానే బేస్‌ని తక్కువగా వింటుంది, పాట పల్చగా తోస్తుంది. పెంచితే ఏదైనా బాగున్నట్టే ఉంటుంది. పైగా ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పిన హద్దు వారానికి 80 డెసిబెల్ దగ్గర 40 గంటలు.

ఫ్యాను హోరు హైహ్యాట్లని కప్పేస్తుంది. మే నెలలో ఫ్యాను ఆపి కూర్చోమనడం మాటలకే బాగుంటుంది. వీలైతే ఈ పని డిసెంబరు, జనవరి రాత్రులకి పెట్టుకోండి. వేసవిలో తప్పకపోతే ఫ్యాను ఒకటిలో పెట్టి హెడ్‌ఫోను వాడండి. విజయనగరం వాళ్లు సిరిమాను ఉత్సవం వారంలోనూ, రెండు జిల్లాల వాళ్లు నిమజ్జనం రోజుల్లోనూ మొదలుపెట్టకండి. వీధిలో డీజే బాక్సుల మోతకి చెవి ఒకసారి మొద్దుబారితే మర్నాటికి గానీ తేరుకోదు.

మొదటి విడత: చెయ్యి ఎక్కడికి వెళ్లింది

మొదటిసారి మొత్తం ఆల్బమ్ ఆపకుండా, దాటెయ్యకుండా వినండి. ఫోను పక్క గదిలో ఉండాలి. చేతిలో కాగితం, పెన్సిల్, ఎదురుగా గడియారం. రెండే రెండు విషయాలు రాయండి. కాలు దానంతటది ఆడటం ఆగిపోయిన నిమిషం ఒకటి. తర్వాతి పాటకి వెళ్లిపోదామని చెయ్యి లాగిన నిమిషం రెండోది. అభిప్రాయాలు రాయొద్దు. అభిప్రాయం జ్ఞాపకంలోంచి వస్తుంది, కాలు అబద్ధమాడదు.

పాటల వరసని విడిగా పరీక్షించాలంటే రైలు మంచిది. విజయనగరం నుంచి విశాఖ సుమారు గంట. ఆముదాలవలసలో ఎక్కితే 74 నిమిషాల ఆల్బమ్ కూడా విశాఖ చేరేలోపు అయిపోతుంది. చక్రాల రొద బేస్‌ని మింగేస్తుంది కాబట్టి శబ్దం గురించి అక్కడ ఏమీ తేల్చకండి. ఒక పాట తర్వాత ఇంకోటి రావాల్సిన చోటే వచ్చిందా అన్నది చూడండి, అది చాలు.

రెండో విడత: లెక్కపెట్టడం

వారం ఆగి రెండోసారి వినండి. ఈసారి లెక్కతో. 15 సెకన్లలో పడ్డ దెబ్బల్ని నాలుగుతో గుణిస్తే నిమిషానికి ఎన్ని దెబ్బలో ఆ వేగం వస్తుంది. ఈ సంగీతపు రకాల్లో హౌస్ 120 నుంచి 130 మధ్య, ట్రాన్స్ 130 నుంచి 140, డ్రమ్ అండ్ బేస్ 160 నుంచి 180 ఉంటాయి. 128 వేగంలో 32 దెబ్బలకి సరిగ్గా 15 సెకన్లు పడుతుంది, లెక్కకి ఇది వాటం. సంగీతం తెలిసినవాళ్లు 32 దెబ్బల్ని ఒక పెద్ద ఆవర్తనం అనుకోవచ్చు. ఈ సంగీతంలో మార్పులు దాదాపు ఎప్పుడూ ఆవర్తనం మొదట్లోనే పడతాయి.

మొదటి విడతలో కాలు ఆగిన చోటుకి వెళ్లి, దానికి ముందు మూడు ఆవర్తనాలు వినండి. ఏం మారింది? కొత్త వాయిద్యం చేరిందా, ఉన్నది తప్పుకుందా, ఫిల్టర్ (శబ్దంలో కొంత భాగాన్ని కప్పి ఉంచే అమరిక) మెల్లగా తెరుచుకుందా, బేస్ నడక ఒక్క స్వరమైనా జరిగిందా? ఏదీ మారకపోతే లోపం దొరికినట్టే. ఏదో మారుతూనే ఉన్నా కాలు ఆగిందంటే ఆ మార్పు అలంకారం, ఊపులో భాగం కాదు.

ఒకే దరువు మళ్లీ మళ్లీ రావడం లోపం కాదు. ఇది మన ప్రాంతంలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. రేకు తప్పెట గుండెకి కట్టుకుని, కాలికి గజ్జెలతో గుండ్రంగా తిరుగుతూ వాయించే తప్పెటగుళ్లు చూసినవాళ్లకి తెలుసు. దరువు అదే, అయినా అరచెయ్యి పడే తీరు, అడుగు పడే జోరు మారుతుంటాయి, చూసేవాడు కదలడు. ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌ని కొలవాల్సింది ఆ కొలతతోనే. 1997 జనవరిలో వచ్చిన ఫ్రెంచ్ జంట డాఫ్ట్ పంక్ 'హోమ్‌వర్క్'లో 'అరౌండ్ ద వరల్డ్' ఏడు నిమిషాల పాట. మాటలు ఆ మూడే, 144 సార్లు వస్తాయి. బేస్, డ్రమ్ములు, కీబోర్డు, యంత్రపు గొంతు వంతులేసుకుని ముందుకి వచ్చి వెనక్కి తగ్గుతుంటాయి. లెక్కపెట్టి చూడండి, ఎక్కువసేపు ఏదీ ఉన్నచోట ఉండదు. అదే ఆల్బమ్‌లో 'రోలిన్ అండ్ స్క్రాచిన్' ఏడు నిమిషాలపైనే గీకుతుంది. అది పెద్ద బాక్సుల ముందు, జనం మధ్య పనిచేసే సరుకు, ఇంట్లో నిలవదు. ఒకే ఆల్బమ్‌లో రెండూ ఉండటం మామూలే.

మొదట్లో వచ్చే 32, 64 దెబ్బల ఉత్త డ్రమ్ములకి మాత్రం మార్కులు తగ్గించకండి. డీజే ముందు పాటలోంచి దీంట్లోకి కలుపుకోవడానికి వదిలిన వాకిలి అది.

తేదీ ముద్రలు

ప్రతి కాలానికీ కొన్ని ముద్రలుంటాయి. 1990ల మొదట జంగిల్ అనే రకంలో 1969 నాటి 'ఏమెన్, బ్రదర్' పాటలోని ఆరేడు సెకన్ల డ్రమ్ముల ముక్కని కోసి, వేగం పెంచి వాడారు. 1990ల చివర, 2000ల మొదట ట్రాన్స్‌లో రోలాండ్ జేపీ-8000 అనే సింథసైజర్ తెచ్చిన సూపర్‌సా అనే వెడల్పాటి శబ్దం వినిపిస్తుంది. 2010 ప్రాంతంలో డబ్‌స్టెప్ అనే రకంలో బేస్ ఊగిసలాడుతుంది. ఆ తర్వాతి పెద్ద స్టేజీ పాటల్లో డ్రాప్ (దరువు ఒక్కసారిగా విరుచుకుపడే చోటు) ముందు గాలివానలా పైకి లేచే తెల్లని రొద ఉంటుంది. ఇవి వినగానే సంవత్సరం చెప్పేయొచ్చు. సంవత్సరం తెలిసిపోవడం దోషం కాదు.

ముద్ర వెనక ఏముందో తేల్చడానికి చేతులతో ఓ పరీక్ష ఉంది. పాట ఆపేయండి. బేస్ నడకని నోటితో అంటూ, దరువుని బల్లమీద కొట్టండి. ఒక్క శబ్దమూ లేకుండా ఊపు వస్తే పాట నిలిచింది. రాకపోతే దాన్ని మోసింది శబ్దమే, ఆ శబ్దంతోపాటే పోయింది.

శబ్దమే విషయమైన పాటలకి మాత్రం ఈ పరీక్ష చెల్లదు. బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో చేసిన 'టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్' దీనికి మంచి నమూనా. రోలాండ్ కంపెనీ బేస్ యంత్రం టీబీ-303, డ్రమ్ యంత్రం టీఆర్-808, సింథసైజర్ జూపిటర్-8 మీద పది హిందుస్తానీ రాగాలు వాయించారు. ఆ రోజుల్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. షికాగోలో అదే 303తో ఆసిడ్ హౌస్ అనే రకం రికార్డులు బయటికొచ్చింది ఆ తర్వాత కొన్నేళ్లకి. 2010లో ఈ ఆల్బమ్ మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం ఆశ్చర్యపోయింది. మన చెవికి ఇందులో ఇంకో వాటం ఉంది. భూపాలి మనకి మోహనం, మాల్కౌన్స్ హిందోళం, యమన్ మన కల్యాణికి దగ్గర. 808 దరువు మారదు, చదునుగా ఉంటుంది. ఆ యంత్రం వయసు ఇట్టే తెలిసిపోతుంది. కానీ దాని మీద 303 బేస్ రాగం స్వరాల్లోనే జారుతూ, ఫిల్టర్‌తో నోరు తెరుస్తూ మూస్తూ నడుస్తుంది. ఇలాంటి చోట అడగాల్సిన ప్రశ్న: శబ్దం కదులుతోందా, నిలబడిపోయిందా? ఇక్కడ కదులుతోంది. అందుకే నిలిచింది. పది రాగాలకీ ఒకే అచ్చు కాబట్టి ఒకే బిగిన మొత్తం వింటే అలుపొస్తుందన్నదీ నిజమే. ఐదు ఒక రోజు, ఐదు ఇంకో రోజు వినండి.

పక్కన పెట్టి చూడటం

జ్ఞాపకం బరువుని తూచడానికి ఒకటే దారి: అదే సంవత్సరం, అదే రకం ఆల్బమ్, మీరు ఎప్పుడూ విననిది ఒకటి తీసుకోండి. మీ ఇష్టమైన ఆల్బమ్ దానికంటే గట్టిగా కదిలిస్తే, ఆ తేడా ఎక్కడ పుట్టిందో ఆవర్తనాల్లో చూపించగలగాలి. చూపించలేకపోతే ఆ ప్రేమ కాలేజీ రోజుల మీదిది. ప్రేమ తప్పు కాదు, దాన్ని తీర్పులో కలపకూడదంతే.

ఈనాటి ఆల్బమ్‌తో పోల్చేటప్పుడు రెంటి మోతా సమానం చేయండి. రెండు డెసిబెల్ ఎక్కువున్నదే చెవికి మెరుగ్గా తోస్తుంది. ఆడాసిటీలో 'లౌడ్‌నెస్ నార్మలైజేషన్' తీసుకుని రెండు పాటల్నీ, చెవికి తోచే మోతని కొలిచే లెక్కలో, మైనస్ 18 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి తెండి. స్ట్రీమింగ్ వాళ్లు వాడే మైనస్ 14 పెడితే శిఖరాలు ఎత్తుగా ఉన్న పాత పాటలు పైన తగిలి పగలొచ్చు.

మూడో విడత ఇంకో రెండు వారాల తర్వాత, వేరేవాళ్లతో. ఇరవై ఏళ్లలోపు తమ్ముడో చెల్లో ఒకరు, వాద్యం నేర్చినవాళ్లు ఒకరు ఉంటే సరి. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న విజయనగరంలో రెండోవారు దొరక్కపోరు. సంవత్సరం, పేరు చెప్పకండి. "బాగుందా?" అని అడగకండి, మొహమాటానికి బాగుందనేస్తారు. "తమ్ముడూ, ఎక్కడ విసుగొచ్చింది? చెయ్యెత్తు" అనండి. వాళ్లు చెయ్యెత్తిన నిమిషాలు మీ కాగితం మీది నిమిషాలతో కలిస్తే అవి నిజమైన కన్నాలు.

తెలిసిన సౌండ్ అన్న ఎవరైనా ఉంటే ఫంక్షన్ హాల్లో బాక్సులు కట్టాక, జనం రాకముందు పది నిమిషాలు అడిగి రెండు పాటలు వేయించుకోండి. పెన్ డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్లో ఉండాలి, పాటలు వేవ్ గానీ 320 ఎంపీ3 గానీ అయి ఉండాలి, చాలా మిక్సర్లు ఫ్లాక్ చదవవు. పెంచి పెట్టిన బేస్, ట్రెబుల్ మధ్యకి తెమ్మనండి, లేకపోతే గొంతులు, సింథ్‌లు కనబడవు. ఇంట్లో మొండికేసిన పాట ఒక్కోసారి ఇక్కడ లేచి నిలబడుతుంది.

తీర్పు రాసేటప్పుడు ఆల్బమ్ మొత్తాన్ని ఒకే మాటతో కట్టెయ్యకండి. సీడీలో 74 నిమిషాలు పట్టేవి కాబట్టి 1990ల ఆల్బమ్‌లు చాలావాటిలో ఖాళీ నింపిన పాటలున్నాయి. కన్నాలు పడిన పాటలు తీసేసి మిగిలినవి అదే వరసలో పెట్టి చూడండి. 40 నిమిషాలు నిలబడితే ఆ ఆల్బమ్ నిలిచిందనే మా లెక్క. మూడు పాటలే మిగిలితే అది మంచి సింగిల్స్ ఉన్న ఆల్బమ్, అంతే.

కాగితం పారేయకండి. దాని మీద తేదీ, ఏ విడుదల, ఏ ఫైలు, స్పీకరా హెడ్‌ఫోనా, ఎన్ని డెసిబెల్, కుర్చీ ఏ గోడకి ఎన్ని అడుగుల దూరం అన్నవి రాసి సీడీ పెట్టెలోనే మడిచి పెట్టండి. ఐదేళ్ల తర్వాత మళ్లీ వినేటప్పుడు అదే చోట, అదే మోతలో మొదలుపెట్టొచ్చు.